ఏటిగట్టు చూపించిన ఆయమ్మ

పోయిన శ్రావణమాసంలో ఒక మంగళవారం పొద్దున్న నాకు ఫోను చేసినవాడు ఆటో తోలే సూరిబాబు. అప్పుడు నేను విజయనగరంలో మా చెల్లెలి ఇంట్లో ఉన్నాను. వాడు ఎప్పుడూ "బాగున్నారా టీచరమ్మా" అనకుండా మాట మొదలుపెట్టడు. ఆ రోజు మాత్రం పలకరింపు లేదు. కాసేపు ఊపిరి వినిపించింది. తర్వాత, "మన గైడమ్మ ఎలిపోనాదండి" అన్నాడు.

ఎవరని అడగనక్కర్లేకపోయింది. మా పేటలో అందరికీ ఆమె ఆయమ్మ. బళ్ళో ముప్ఫై ఏళ్ళు గంట కొట్టి, గదులు ఊడ్చి, పసిపిల్లల ముక్కులు తుడిచిన ఆయమ్మ. చివరి పదేళ్ళలోనే బయట ఊళ్ళవాళ్ళు ఆమెకు గైడమ్మ అని పేరు పెట్టారు. ఆ రెండో పేరు చెప్పుకుని ఆమె చాలా నవ్వేది. పొద్దున్నే టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, అరుగు మీద గోడకి చేరబడి కూర్చుందట. అలాగే పోయింది. ఎవరిచేతా ఒక్కపూట చేయించుకోలేదు. బస్సు ఎక్కి శ్రీకాకుళం వచ్చేదాకా నేను ఏడవలేదు. ఏటిగట్టు రోడ్డు మలుపు తిరిగి, చెట్ల నీడ ఆటోలోకి వచ్చి నా ఒళ్ళో పడ్డాక ఏడ్చాను.

ఆ నీడ గురించి చెప్పకుండా ఆమె గురించి చెప్పలేను.

మా పేట నాగావళి ఒడ్డున, పట్టణానికీ అరసవల్లికీ నడుమ ఉంటుంది. గట్టు పొడవునా నిద్రగన్నేరు చెట్లు. ఎవరు నాటారో ఎవరికీ సరిగా తెలియదు. రోడ్డుకి ఇటూ అటూ నిలబడి పైన కొమ్మలు కలుపుకుని ఉంటాయి. సాయంత్రం ఆకులు ముడుచుకున్నాక సందుల్లోంచి ఆకాశం కనిపిస్తుంది. చెట్ల చివర పాదర్లు కట్టిన పాత మిషను బంగళా. అక్కడినుంచి నాలుగడుగులు దిగితే రేవు. వంతెన రాకముందు అక్కడ పడవ దాటించింది ఆయమ్మ భర్త. బళ్ళో ఆమెకు ఉద్యోగం ఇచ్చింది కూడా ఆ మనిషి పోయాకనే.

నేను ఆ బళ్ళోనే చదువుకున్నాను. మా అమ్మ నా జడలు వదులుగా వేసేది. బడి గుమ్మంలోనే ఆయమ్మ నన్ను ఆపి, రిబ్బన్లు విప్పి, కళ్ళు లాగేంత గట్టిగా మళ్ళీ వేసేది. చాలా ఏళ్ళకి అదే బడికి నేను సోషల్ టీచరుగా వచ్చాను. పిల్లల ముందు "మేడం గారూ" అని పిలిచేది. వాళ్ళు బయటికి పోగానే, "ఏటి పాపా, అలగ సిక్కిపోనావు?" అనేది. ఆమెకు నేను ఎప్పటికీ రిబ్బన్ల పాపనే.

ఆమెకు చదువు రాదు. చుట్ట మాత్రం బాగా వచ్చు. మా వైపు పాతకాలపు ఆడవాళ్ళలాగే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది. మధ్యాహ్నం బడి వెనక్కి వెళ్ళి, ఏటికేసి తిరిగి కూర్చుని తాగేది. నేను మందలిస్తే ఒకసారి అంది: "నోట్లో నిప్పున్నా మాట సల్లగా ఉండాల పాపా. నీకు నోట్లో ఏటీ లేదు, మాట మాత్రం సురుక్కుమంటాది." ఆ ఏడు నేను పిల్లల మీద చాలా కేకలేస్తూ ఉండేదాన్ని. ఆ మాట తగలవలసిన చోటే తగిలింది.

ఇక అసలు కథ మొదలైంది ఒక ఆదివారం. ఆదివారాలు అరసవల్లికి జనం వస్తారు. శృంగవరపుకోట వైపునుంచి దర్శనానికి వచ్చిన బస్సొకటి తిరుగు ప్రయాణంలో సరిగ్గా మా బడి గేటు ముందు ఆగిపోయింది. గేరు పట్టేసిందన్నారు. మెకానిక్కు రావాలంటే మూడు గంటలు. నేను పరీక్ష కాగితాలు దిద్దుకుందామని బడికి వచ్చాను. ఆయమ్మ వరండా కడుగుతోంది. బస్సులోంచి దిగిన ముసలాయన ఒకడు, అక్కడే ఆటో పెట్టుకుని కూర్చున్న సూరిబాబుని అడిగాడు: "ఈడ సూడ్డానికి ఏటైనా ఉన్నాదా బావూ?"

సూరిబాబు ఆవులించాడు. "ఏటీ లేదండి. ఏరున్నాది, సెట్లున్నాయి. అంతే."

ఆయమ్మ చీపురు కింద పెట్టింది. చేతులు చీరకి తుడుచుకుంది. "ఒరే సూరిగా! ఏరుండి, సెట్లుండి, ఏటీ లేదంటావేట్రా? ఇంకేటుండాల్రా నీకు?" అంది. తర్వాత ఆ ముసలాయన వైపు తిరిగి, "రండి బావూ. ఏటుందో నాను సూపిస్తాను. పిల్లల్ని కూడా రమ్మనండి" అంది.

నేను కాగితాలు వదిలేసి వెనకాల నడిచాను. ఈమె ఏం చూపిస్తుందా అన్న కుతూహలంతోనే వెళ్ళాను, అబద్ధం చెప్పను.

ముందు వాళ్ళని చెట్ల కింద మెల్లగా నడిపించింది. నాలుగో చెట్టు దగ్గర ఆగి, "పైకి సూడండి, అరవకండి" అంది. కొమ్మలకి నల్లగా వేలాడుతున్నవి కాయలనుకున్నారు. ఒకటి రెక్క విప్పి మళ్ళీ చుట్టుకునేసరికి పిల్లలు నోరు తెరిచారు. పెద్ద గబ్బిలాలు. "మీరు దండం పెట్టుకోడానికి ఒచ్చినట్టే ఇవి పడుకోడానికి ఒస్తాయి. తెల్లారి ఒచ్చి పొద్దుగూకి ఎల్తాయి. ఈటి ఉద్యోగం మనకి తిరగేసి." తర్వాత మిషను బంగళా. కాపలాదారుతో ఆమెకు చనువు. లోపల మెలికలు తిరిగిన కొయ్యమెట్లు చూపించింది. "దీనికి మేకు లేదు. వేలెట్టి ఎతుక్కోండి" అంది. వాళ్ళు నిజంగానే వేళ్ళు పెట్టి వెతికారు. అటు పక్క నేతపనివాళ్ళ సందులో వాలుగ చేప దవడతో పత్తి ఏకుతున్న ముసలమ్మ దగ్గర కూర్చోబెట్టింది. చేప పళ్ళలోంచి దూది మబ్బులా విడిపోతుంటే బస్సు సంగతి అందరూ మరిచిపోయారు.

చివరికి రేవు. అక్కడ మెట్ల పక్కన మనిషిన్నర ఎత్తు రాయి ఒకటుంది. దాని మీద ఉలితో చెక్కిన గీతలున్నాయి. నేను చిన్నప్పటినుంచీ చూస్తున్న రాయి. గీతలున్నాయని తెలుసు, ఎందుకున్నాయో ఎప్పుడూ అడగలేదు. ఆయమ్మ ఒక్కొక్క గీతకేసి వేలు చూపిస్తూ చెప్పింది: "ఇది ఏరు ఎక్కిన ఎత్తు. వరదొచ్చి తగ్గినప్పుడల్లా పడవోళ్ళు చెక్కీవోళ్ళు. ఇది నా పెళ్ళి ఏడు. ఇది మా గుంట, నా కూతురు, పుట్టిన ఏడు. ఇదిగో, ఈ పైన గీత మా ఆయన చెక్కినాడు. ఆ ఏడు రెండు రోజులు పడవ దిగలేదు. అవతల లంకలోంచి మనుషుల్ని దాటిస్తానే ఉన్నాడు. మూడో రోజు ఒచ్చి, తిండి కూడా తినకుండా, ముందు ఉలి అట్టుకున్నాడు. ఎందుకని నానడిగితే, మరిసిపోతారే అన్నాడు."

గుంపులో పొట్టి ముసలమ్మ ఒకామె ముందుకొచ్చి ఆ పై గీతని అందుకోవాలని చెయ్యి చాపింది. అందలేదు. మునివేళ్ళ మీద లేచినా అందలేదు. వెనక్కి తిరిగి మా బడివైపు, దాని వెనక ఇళ్ళవైపు చూసింది.  కింద ఏరు మోకాలి లోతున, అమాయకంగా పారుతోంది.

నాకు సిగ్గేసింది. అన్నేళ్ళుగా నల్లబల్ల మీద నైలు నదినీ గంగానదినీ గీశాను. వంద అడుగుల దూరంలో ఉన్న రేవుకి ఒక్క తరగతిని ఒక్కరోజు తీసుకురాలేదు. ఆ సాయంత్రం అదే ఆయమ్మతో అన్నాను. "పోనీలే పాపా. నువ్వు పుస్తకంలో ఏరు సెప్పు. నాను ఏట్లో ఏరు సెప్తాను. రెండూ కావాల పిల్లలికి" అంది. ఆ సోమవారం నుంచే నా పాఠం మారింది. మంచి టీచరని తర్వాత నాకేమైనా పేరొచ్చిందంటే అది ఆ ఆదివారం పుణ్యం.

బాగైన బస్సు వెళ్ళిపోయింది కానీ దాంట్లోవాళ్ళు ఊరుకోలేదు. మరుసటి ఆదివారం మూడు ఆటోలు వచ్చి బడి ముందు ఆగాయి. "ఇక్కడ గబ్బిలాలు సూపించే అమ్మ ఎవరండీ?" అని అడిగారు. ఆ పై వారం ఇంకో ఆరు. ఏడాది తిరిగేసరికి అరసవల్లి లాడ్జిలవాళ్ళు దర్శనం అయినవాళ్ళని మా పేటకు పంపించడం మొదలుపెట్టారు. ఆదివారం పొద్దున ఆయమ్మ తలంటుకుని, నీలంరంగు నేత చీర కట్టుకుని, గేటు దగ్గర నిలబడేది. చెట్ల దగ్గరా రేవు దగ్గరా పెట్టిన చిన్న బోర్డుల మీద ఏం రాయాలో తను చెప్పేది, నేను రాసేదాన్ని. "పెద్ద పెద్ద మాటలు రాయకు. సదివినోడు సెట్టుకేసి సూడాల గానీ బోర్డుకేసి కాదు" అని రెండుసార్లు చెరిపించింది.

ఒక లాడ్జి మేనేజరు మంచి ఉద్దేశంతోనే ఒక సలహా తెచ్చాడు. రేవు మెట్టు మీద పాదంలాంటి గుంట ఒకటుంది. అది రాముడి పాదమని చెబితే జనం ఇంకా వస్తారన్నాడు. "ఎవరికీ నష్టం లేదు కదా ఆయమ్మా?"

ఆయమ్మ ఆ గుంటని కాసేపు చూసింది. "రాముడొచ్చినాడో లేదో నానెరగను బావూ. మా ఆయన మాత్రం రోజూ ఒచ్చీవోడు. పడవ తోసే గెడ ఇక్కడే ఊనీవోడు. ఇరవై ఏళ్ళు ఊనితే రాయికి గుంట పడింది. అదే సెప్తాను" అంది. ఆమె అదే చెప్పింది. జనం ఆ గుంటకి కూడా దండం పెట్టుకుని వెళ్ళేవారు. అది చూసినప్పుడు మాత్రం ఆమె ముఖం తిప్పుకుని ఏటికేసి చూసేది.

తెలియనిది అడిగితే, "తెల్దు బావూ" అనేది. అంత హాయిగా తెలియదనగలిగిన మనిషిని నేను వేరే చూడలేదు. చెట్లు నాటినవాళ్ళెవరని ఎంతోమంది అడిగారు. "తెల్దు. నీడలో కూకున్నోళ్ళం మనమే, అది మాత్రం తెల్సు."

అలా నాలుగైదేళ్ళు గడిచాయి. ఒక వేసవి మొదట్లో చెట్ల మొదళ్ళ మీద ఎర్రరంగుతో అంకెలు పడ్డాయి. పొద్దున్నే బడి తలుపు తీయడానికి వచ్చి ఆమే మొదట చూసింది. కొలతలకి వచ్చినవాళ్ళని అడిగితే, రోడ్డు వెడల్పు చేస్తున్నారన్నారు. గుడికి వెళ్ళే బళ్ళు పెరిగిపోయాయి, ఆదివారాలు రోడ్డు చాలడం లేదు, గట్టువైపు చెట్లు తీసేస్తారు.

నేను వెళ్ళేసరికి ఆమె ఒకటో అంకె చెట్టు కింద కూలబడి ఉంది. "నానే పిలిచీసినాను పాపా ఇంతమందిని. ఊరుకోకుండా సూపిస్తాను సూపిస్తాను అని అందర్నీ పిలిచీసినాను. ఆళ్ళకి దారి సాల్లేదట. సెట్లు కొట్టీస్తారట" అంది. నేను ఎంత చెప్పినా ఆమె తలకెక్కలేదు. గుడికి వచ్చే జనం ఆమె వల్ల రాలేదు, నిజమే. కానీ మా గట్టు మీద ఆగే జనం ఆమె వల్లే వచ్చారు. అది కూడా నిజమే.

పేటలో సంతకాలు పెట్టారు, అర్జీలు పెట్టారు. రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం ఇంజినీరు వచ్చాడు. కుర్రవాడే, మర్యాదస్థుడు. బడి వరండాలో సమావేశం. పెద్దలు గంటసేపు మాట్లాడారు. ఆయన అన్నీ రాసుకున్నాడు. "మీ బాధ నాకు తెలుసండీ. కానీ దారి కావాలి కదా. మళ్ళీ మొక్కలు నాటిస్తాం" అన్నాడు. అదే నిజం, అదే ముగింపు అన్నట్టు కాగితాలు సర్దుకున్నాడు.

మజ్జిగ గ్లాసులు తీస్తున్న ఆయమ్మ ఆగింది. "బావూ, నాకు మాట్లాడ్డం రాదు. మీరు ఇంతదూరం ఒచ్చినారు గదా, ఈ పేట సూసినారా? పదండి, సూపిస్తాను. ఒచ్చినోళ్ళందరికీ సూపిస్తాను, మీకెందుకు సూపించను?"

ఆయన నవ్వి లేచాడు. మెట్ల దగ్గర ఆమె తన చెప్పులు విప్పేసింది. "మీరు కూడా విప్పండి బావూ" అంది. ఎందుకన్నాడు. "గుళ్ళోకెల్లినప్పుడు ఎందుకని అడుగుతారేటి?" అంది. అందరూ నవ్వారు. ఆయన బూట్లు, మేజోళ్ళు విప్పాడు.

పట్టణం వైపు రోడ్డు కొంతమేర ఎప్పుడో వెడల్పు చేశారు. అక్కడ చెట్లు లేవు. ఆయమ్మ ముందు అటు తీసుకెళ్ళింది. అప్పటికి ఒంటిగంట దాటింది. పది అడుగులు వేసేసరికి ఆయన గెంతడం మొదలుపెట్టాడు. ఆమె గెంతలేదు. మెల్లగా, ఏదో చెబుతూ నడిచింది. ఏం చెప్పిందో వినాలని నేనూ చెప్పులు వదిలేసి వెంట వెళ్ళాను. "ఇక్కడ ఒక మాను ఉండీది. ఇక్కడ ఇంకోటి. దీని కింద జీళ్ళు అమ్మీవోళ్ళు. ఇక్కడ మాను కింద పడవకి ఎదురు సూసీవోళ్ళు కూకునీవోళ్ళు." ఒట్టి తారురోడ్డు మీద, లేని చెట్లని ఒక్కొక్కటే చూపిస్తూ పోయింది. ఇంజినీరు ఇక తట్టుకోలేక వెనక్కి తిరిగి పరిగెత్తాడు. మొదటి చెట్టు నీడలోకి వచ్చి ఆగి, రెండు పాదాలూ నేలకి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు.

ఆయమ్మ నడుస్తూనే వచ్చి పక్కన నిలబడింది. అరికాళ్ళు ఎర్రగా కమిలిపోయాయి. "మీరు నాటే మొక్క ఇంత నీడియ్యాలంటే మీ మనవలు రావాల బావూ. అంతదాకా ఈళ్ళు ఎక్కడ నిలబడాల?" అని అడిగింది. కోపంగా కాదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది.

ఆయన తలెత్తి కొమ్మల్లోకి చూశాడు. వారం తర్వాత గొట్టంలా చుట్టిన కాగితంతో మళ్ళీ వచ్చాడు. బడి మెట్ల మీద పరిచాడు. చెట్లన్నీ ఉంచి, పెరిగిన బళ్ళకి లోపలి వరస వెనకనుంచి రోడ్డు తిప్పవచ్చు. పైవాళ్ళు ఒప్పుకునేలాగే ఉన్నారు. బడి ప్రహరీ కొంచెం వెనక్కి పోతుంది. దాన్ని ఆనుకుని ఉన్న ఒక్క ఇల్లు మొత్తంగా పోతుంది. ఆ ఇల్లెవరిదో ఆయనకి తెలియదు. మాకందరికీ తెలుసు. పడవాయన తన చేతులతో కట్టిన రెండు గదుల ఇల్లు. ఆయమ్మ ఇల్లు.

ఆమె కాగితం మీద తన ఇల్లెక్కడుందో వేలు పెట్టి చూపించమంది. చూసింది. లేచి వెళ్ళిపోయింది.

ఆమె కూతురు భావనపాడులో ఉంటుంది. అల్లుడు సముద్రం మీద వేటకి వెళతాడు. కబురు తెలిసి ఆ పిల్ల పరుగున వచ్చింది. బడిదాకా వినిపించింది ఆమె గొంతు. "నాన్న కట్టిన ఇల్లే అమ్మా! ఒట్టి సేతుల్తో మట్టి మోసి కట్టినాడే! ఆ సెట్లు నీకేటి పెట్టినాయి? ఊరోళ్ళు నిన్ను గైడమ్మా గైడమ్మా అంటే తలకెక్కీసినాదా నీకు?" ఆయమ్మ మాట ఒక్కటీ వినిపించలేదు. రెండు రోజులు బడికి రాలేదు. అన్నేళ్ళలో మొదటిసారి గంట వేరేవాళ్ళు కొట్టారు. ఆమెను ఒప్పించడానికి ఎవరూ వెళ్ళలేదు. ఏ ముఖం పెట్టుకుని వెళతాం?

మూడోరోజు పొద్దున్నే నా ఇంటికి వచ్చింది. వెనకాల కూతురు, వాచిన కళ్ళతో. "కాగితం తియ్యి పాపా. ఇల్లు ఇచ్చీస్తానని రాయి. ఏలిముద్ర ఏస్తాను" అంది. నేను పెన్ను పట్టుకున్నాను కానీ రాయలేకపోయాను. కూతురికి చెప్పినట్టు కాకుండా, తనలో తను అనుకుంటున్నట్టు అంది: "మీ నాన్న ఇల్లు కట్టినాడు, కాదన్ను. ఎండకి తాళలేక మట్టి ఆ సెట్టు కిందే తొక్కినాడు. ఇటికలు ఆ నీడలోనే కోసినాడు. ఆ మాను లేకపోతే ఆ ఇల్లూ లేదే. ఆయనుంటే నాకంటే ముందే ఏలిముద్ర ఏసీవోడు."

 కూతురు తల్లి చీర చెంగు అందుకుని ముఖం తుడుచుకుంది.

ఇల్లు పడగొట్టే ముందు రోజు ఆదివారం. ఆనాడు వచ్చినవాళ్ళని ఆయమ్మ గబ్బిలాలు, బంగళా, రేవు అన్నీ చూపించి, చివర్లో తన గుమ్మం ముందు ఆపింది. నేను ఉలిక్కిపడ్డాను. "ఇది పడవోడి ఇల్లు. రేపుండదు, ఇయ్యాలే సూసుకోండి" అంది. లోపలికి తీసుకెళ్ళింది. గెడకర్ర పెట్టే కొక్కేలు. వరదనీరు వచ్చినప్పుడు బియ్యం కుండ పెట్టుకునే అటక. ఆయన ఆనుకుని కూర్చోవడం వల్ల నునుపెక్కిన గోడ. ఒక్కొక్కటీ చూపించింది.  లోపలి గది దగ్గర మాత్రం ఆగింది. ఏం చెప్పాలో తోచనట్టు నిలబడింది. అప్పుడు గోడవారగా నిలబడ్డ కూతురు ముందుకొచ్చింది. "ఈ గదిలో నాను పుట్టినానండి. అప్పుడు ఏరు గుమ్మం దాకా ఒచ్చినాదట. మంత్రసాని పడవలో ఒచ్చినాదట" అని చెప్పింది. తల్లి ఆమెకేసి చూసిన చూపు నేను మరవలేను. గుంపులో ఎవరో చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ కొట్టారు. ఆ చిన్న ఇంట్లో ఆ చప్పుడు వింటుంటే, రేపు ఆ గోడలు పడిపోతాయన్న దిగులు నాకు కలగలేదు. ఆ ఇల్లు గెలిచిందనిపించింది.

రోడ్డు వంపు తిరిగింది. చెట్లన్నీ నిలిచాయి. ఎర్ర అంకెలు రెండు వానలకి వెలిసిపోయి, మూడో వానకి పోయాయి. బడి వెనక ఖాళీ స్థలంలో పేటవాళ్ళే తలో చెయ్యీ వేసి ఆయమ్మకి ఇల్లు కట్టారు. మగవాళ్ళు గోడలెత్తారు, మేం టీచర్లం నీళ్ళు మోశాం. నేత సందు ముసలమ్మ గుమ్మానికి కొత్త తెర నేయించి పంపింది. గృహప్రవేశానికి ఇంజినీరు భార్యనీ కూతుర్నీ వెంటపెట్టుకుని వచ్చాడు. గేటు దగ్గర నిలబడి, "చెప్పులు విప్పమంటావా ఆయమ్మా?" అని అడిగాడు. "ఇప్పుడు ఒద్దు బావూ, మీకు తెలిసిపోనాది గదా" అంది. ఆ రోజు ఆమె నవ్విన నవ్వు రేవు దాకా వినిపించి ఉంటుంది.

ఆ తర్వాత మా పేటకు మంచి రోజులొచ్చాయి. చలికాలంలో ఇసుక తిన్నెల మీద కొంగలు దిగితే చూడ్డానికి బళ్ళకొద్దీ పిల్లలు వచ్చేవారు. ఒడిశా నుంచి వచ్చేవాళ్ళ కోసం ఆమె నాలుగు ఒడియా మాటలు నేర్చుకుంది. ఒకప్పుడు ఏమీ లేదన్న సూరిబాబు తన ఆటో వెనక కొత్తగా రాయించుకున్నాడు: "ఏరు, చెట్లు, ఆయమ్మ." రాయించి తెచ్చి ఆమె ముందు ఆపి, దొంగచూపులు చూశాడు. ఆమె ఆటో చుట్టూ ఒకసారి తిరిగి, "ఏటి రాసినావో నాకు తెల్దు గానీ, అచ్చరాలు బాగున్నాయిరా" అంది. చదివి వినిపించమని నాకు సైగ చేశాడు. నేను చదివాను. ఆయమ్మ ఒక్కొక్క అక్షరం మీద వేలు నడిపింది. "ఆ మూడోది తీయించీరా. మొదటి రెండూ ఉంటే సాలు" అంది చివరికి. సూరిబాబు తీయించలేదు. ఆమె మాట వాడు వినని సందర్భం అదొక్కటే.

ఆ మంగళవారం మధ్యాహ్నం ఆమెను సాగనంపాం. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు కానీ చెట్ల కింద రోడ్డు నిండిపోయింది. బడి పిల్లలు, లాడ్జిలవాళ్ళు, నేత సందు ఆడవాళ్ళు, అర్ధ దినం సెలవు పెట్టి వచ్చిన ఇంజినీరు. ఏమీ తెలియక దర్శనం నుంచి తిరిగివస్తూ ఆగిన బస్సొకటి. అందులోవాళ్ళు సంగతి విని, దిగి, రోడ్డు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు. ముందు డప్పులు, వెనక మరమరాలు చల్లుతూ. ఏడుపు తక్కువ. పెళ్ళికొడుకుని ఊరేగించినట్టుంది. మా వైపు నిండుగా బతికిన మనిషిని అలాగే పంపిస్తాం. ఇంత నిండుగా పంపించడం మాత్రం నేను ఎన్నడూ చూడలేదు.

శ్రావణం కదా, ఏరు ఎర్రగా, గట్టు అంచులు తాకుతూ పారుతోంది. మేం బంగళా దాటేసరికి చేపలు పట్టే పడవలు నాలుగు నీళ్ళ మీద కనిపించాయి. అవతలి లంకవాళ్ళు. వరద జోరుకి ఇటు దిగలేక, పడవల్లోనే ఒడ్డుకి దగ్గరగా వచ్చారు. తెడ్లు పైకెత్తి పట్టుకున్నారు. ప్రవాహం వాళ్ళని పాడె వెంట, మా నడకతో సమానంగా తీసుకొస్తోంది.

మలుపు దగ్గర దింపుడుకళ్ళానికి పాడె దించారు. డప్పులు ఆగాయి. కూతురు మోకాళ్ళ మీద కూర్చుని తల్లి చెవి దగ్గర వంగింది. మూడుసార్లు "అమ్మా" అని పిలిచింది. మేమందరం ఆగాం. పడవలు ఆగలేదు. అంత నీటిలో ఆగడం ఎవరి తరం. వాటిలోని మనుషులు మావైపే తిరిగి నిలబడి, ఎత్తిన తెడ్లు దించకుండా, మాకంటే ముందే ఎర్రటి నీళ్ళ మీద సాగిపోయారు. వాళ్ళ ముఖాలు చిన్నవై, తెడ్లు పుల్లలై, సముద్రం వైపు తిరిగే వంపులో ఒక్కొక్కటిగా కనుమరుగయ్యేదాకా అందరం అటే చూస్తూ నిలబడ్డాం.